మిషను చెడిపోయిన రోజు

బండలు కోసే మిషను పండ్లు ఊడిపోయి
గనికి రెండు దినాలు సెలవిచ్చినారు.
"గండికోటకు పోదాం పా" అన్నాడు మా ఆయన
సంతకు పోదాం అన్నంత తేలిగ్గా.
ముప్పై ఒక్క ఏండ్ల కాపురంలో
ఇంత దగ్గరున్న కోటను మేం చూడలేదు.
ఎవురైనా అడిగితే
"యాడికి పోతాదిలే, రాయే గదా" అనేవాళ్లం.

సద్దరొట్టెలు నాలుగు, చెనిగ్గింజల పొడి,
ఆయన దగ్గుమందు సీసా సంచిలో యేసుకొని
జమ్మలమడుగులో పొద్దున బస్సెక్కితిమి.
కండక్టరు టికెట్టు చించుతా
"ఎవురింటికి?" అని అడిగె.
"ఎవురింటికీ కాదు, చూడనీకి" అంటి.
ఆ మాట అనేటప్పుడు
పెద్దింటి మనిషికి మాదిరి నా నడుం నిటారైంది.

కోట బయట గుడారాలేసుకున్న పిల్లోళ్లు,
హైదరాబాదో బెంగళూరో,
నల్లద్దాలు పెట్టుకొని పండ్లు తోముకుంటాండారు.
ఒక పాప ఫోను నా చేతికిచ్చి
"ఆంటీ, వెనక కోట పడాలి" అనింది.
కోట బాగా పడింది.
పాపకు తలకాయ లేదు.

ధాన్యం కొట్లో చల్లగా గబ్బిలాల వాసన.
నేను పైకప్పును చూడలేదు, గింజలు లెక్కేసినా:
ఇది నిండాలంటే ఎన్ని ఊళ్ల గాదెలు ఊడ్చుంటారో.
కత్తులు కడిగి కడిగి కోనేట్లో నీళ్లు
ఎర్రబడినాయని చెప్తారు.
తొంగి చూస్తే పచ్చగా ఉన్నాయి.
ఒక కప్ప, ఒక చిప్సు పొట్లం.

ఆయన ఇవేవీ చూడలా.
రాజుల పేర్లున్న బోర్డు చదవలా.
గోడకు చెంప ఆనిచ్చి
ఒంటికంటితో దాని వరస చూస్తా పోతాండాడు,
సంబంధం మాట్లాడనీకి వచ్చిన మేనమామ మాదిరి.
"ఇది మన నాపరాయి కాదు.
మొండిది, మాట ఇనదు.
దీన్ని ఇట్లా కూచోబెట్టినాడంటే
వాని ఓర్పుకు దండం పెట్టాల."

లోయ అంచుకు వచ్చినాక మాటలుడిగినాడు.
అంత లోతున పెన్న కదిలినట్టే లేదు.
ఇరుపక్కలా ఎర్రరాయి
పరుపు మీద పరుపు, పరుపు మీద పరుపు,
పెండ్లివారింట్లో మడిచి పేర్చినట్టు.
"ఇదెవురు తవ్వినారు?" అంటి.
"నీళ్లు."
"ఎన్నాళ్లు పట్టుంటాది?"
వేళ్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచి
లెక్క వదిలేసి దగ్గినాడు.
ఆ దగ్గు అవతలి గట్టు దాకా పోయి
కొంచెం పలచనై మాకాడికే తిరిగొచ్చింది.
ఇద్దరం నవ్వినాం, ఎందుకో తెలీదు.

దిగువన నీళ్లల్లో ప్లాస్టిక్ పడవలున్నాయంట.
తెడ్డేసేది మనం, దుడ్లిచ్చేదీ మనమే.
"పని చేసి మనమే కూలి ఇచ్చేదా?"
ఆయన ఇప్పటికీ నమ్మలేదు.

రొట్టెలు కోతి ఎత్తకపోయింది.
పొడి మాత్రం వదిలింది.

తిరిగొచ్చేటప్పుడు తుమ్మకంపల చాటున
సగం చీలి ఆగిపోయిన బండ ఒకటి కనపడె.
దాని వీపు మీద వరసగా
సీలలు దిగ్గొట్టనీకి తొలిచిన గుంతలు.
ఆయన గొంతుకూచున్నాడు.
ఒక్కోదాంట్లో వేలు పెట్టి ఎండుటాకులు తీసినాడు.
తొమ్మిది.
పదోదానికి గీత ఉంది, గుంత లేదు.
"యాల వదిలేసి పోయినాడో" అంటి.
"జొరమొచ్చిందేమో. దండు వచ్చిందేమో."
కాసేపాగి, "కూలి ఇయ్యలేదేమో" అని
ఆ మాటకు తానే గట్టిగా నవ్వినాడు.
గుంతల్లో కుడిచేతి వేళ్లు పెట్టి చూసినాడు,
తీసి ఎడమచేతివి పెట్టినాడు.
బస్సు హారన్ కొడతాంటే
నేనే రెక్క పట్టుకొని లేపినా.

దారంతా మాట్లాడలా.
ఇంటికొచ్చి ఉడుకుడుకు సంగటి తిన్నా మాట్లాడలా.
అర్ధరాత్రి దగ్గు తెర ఒకటి వచ్చి పోయినాక
చీకట్లో నా భుజం తట్టి లేపి చెప్పినాడు,
గనిలో పక్కన పనిచేసేవాని సంగతి చెప్పినట్టు:
"వాడు ఎడమచేతి వాటమోడు."